పర్లేదుకి గడి లేదు

ఆఫీసుల్ని తిట్టడంలో నాకు మంచి పేరుంది. నేనూ ఆఫీసు మనిషినే కాబట్టి ఆ హక్కు నాకుందనుకుంటాను. ఇరవై రెండేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి నీళ్ల మీటర్లు చూసి అంకెలు రాసుకొచ్చే పని నాది. ఏ ఆఫీసులోనైనా పావుగంట క్యూలో నిలబెడితే చాలు, నా నోరు ఊరుకోదు. అలాంటి నేను ఇప్పుడు ఎవరైనా మా వార్డు ఆరోగ్య కేంద్రాన్ని ఒక్క మాటంటే పోట్లాటకి దిగుతున్నాను. నీకేమైందిరా అని స్నేహితులు అడుగుతున్నారు. ఏమైందో చెప్పాలంటే పోయిన వానాకాలంలో మా అక్క స్నానం సంగతి చెప్పాలి. అది నలుగురికీ చెప్పడానికి ఆవిడ చాలాకాలం ఒప్పుకోలేదు. ఈమధ్యనే సరేనంది, నన్ను నేను మంచివాడిలా రాసుకోకూడదన్న షరతు మీద.

అక్క బస్సు కండక్టరుగా ఇరవై ఆరేళ్లు చేసి రిటైరైంది. ఇంట్లో మేమిద్దరమే. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. నాకు యాభై దాటినా "ఒరే" అనే పిలుస్తుంది, వీధిలో వాళ్లు వింటున్నా సరే. ఎండాకాలం చివర్లో ఇంటి ముందున్న మూడు మెట్ల మీద కాలు జారి పడింది. తుంటి విరిగింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంది గాని ఎడమ కాలి నరం దెబ్బతింది. ఆ కాలు బుద్ధి పుట్టినప్పుడు లేస్తుంది, లేనప్పుడు లేదు. తొలి వానలు పడుతున్న రోజుల్లో ఇంటికి తీసుకొచ్చాను.

నాకు పోగుపడిన సెలవులు అరవై రోజులున్నాయి. అన్నీ ఒకేసారి పెట్టేశాను. ఆ సంగతి అక్కకి చెబితే మంచం మీద వెనక్కి ఒరిగి కాసేపు లెక్కలేసుకుంది.

"అరవై రోజుల్లో నేను నడిస్తే సరే. నడవకపోతే ఊరి చివర ప్రభుత్వ సంరక్షణ గృహం ఉంది కదా, అందులో చేరతాను."

"నేను ఉద్యోగం మానేస్తాను గాని నిన్ను అక్కడ..."

"నువ్వు మానేస్తానంటే అరవై రోజులు కూడా ఆగను. రేపే చేరతాను. పర్లేదు, అక్కడ మాట్లాడే వాళ్లుంటారు."

ఆవిడ అన్నదంటే చేస్తుంది. ఆ రోజు నుంచి నేను గోడ మీది కాలెండరు వైపు చూడడం మానేశాను.

అన్నిటికంటే పెద్ద చిక్కు స్నానం. తినిపించే పనిలేదు, మందులు తనే వేసుకుంటుంది. మంచం మీంచి లేవాలంటే నేను చెయ్యి ఇస్తే పట్టుకుంటుంది, అదీ మొహం పక్కకి తిప్పుకుని. స్నానం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరికీ నోట మాట రాదు. ఒకసారి నేనే ధైర్యం చేసి, కళ్లు మూసుకుని వీపు మీద నీళ్లు పోస్తానన్నాను.

"నీకు స్నానాలు చేయించిందే నేను. నువ్వు నాకు చేయించడమేంట్రా? అవతలికి పో."

అందుకని బాత్రూములో కిటికీ చువ్వ నుంచి తలుపు మడతబందు దాకా నైలాను తాడు కట్టాను. కుళాయి పక్కన ప్లాస్టిక్ స్టూలు వేశాను. లోపల స్నానాల చోటుకి జానెడు ఎత్తు గట్టు ఉంది, నీళ్లు బయటికి రాకుండా. ఆ గట్టు దాటడమే గండం. అక్క గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లి తలుపేసుకునేది. నేను తలుపు బయట మడతబందుకి నూనె రాస్తున్నట్టు నటిస్తూ నిలబడేవాణ్ణి. ఆ మడతబందుకి ఆ నెలలో పట్టినంత నూనె దాని జన్మలో పట్టి ఉండదు. అరగంట నీళ్ల చప్పుడు వినిపించేది. తరువాత తడి తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చి "పర్లేదు, అయిపోయింది" అనేది.

ఈ పర్లేదు అన్న మాట అక్కకి ఊతపదం. పంటి నొప్పికి పర్లేదు, మాడిన కూరకి పర్లేదు. అరవై మంది ఎక్కిన బస్సులో అరవై ఒకటో మనిషి వేలాడుతుంటే "పర్లేదు, లోపలికి రండి" అనేది. ఆవిడ నోట ఆ మాటకి బాగుందనీ బాగోలేదనీ రెండు అర్థాలూ ఉంటాయి. ఏదో తెలుసుకోవాలంటే మొహం చూడాలి.

ఆసుపత్రిలో అక్కకి కాలి వ్యాయామాలు నేర్పినావిడే మా తరఫున దరఖాస్తు పంపింది, నడక సాధనాలకీ ఇంట్లో మనిషి సాయానికీ కలిపి. ఆరోగ్య కేంద్రం నుంచి ఒకావిడ ఇంటికొచ్చి పరిస్థితి చూస్తారనీ, ఆవిడ వేసే మార్కుల్ని బట్టి మంజూరు చేస్తారనీ చెప్పారు. నా సెలవుల్లో పద్దెనిమిదో రోజున వస్తామని కబురొచ్చింది.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మనిషి వస్తోందంటే ఇల్లు సర్దుకోవడం మా రక్తంలో ఉంది. ముందురోజు పొద్దున్నుంచి సర్దాను. హాల్లోకి మార్చిన అక్క మంచాన్ని తిరిగి లోపలి గదిలోకి లాగాను. రాత్రిపూట వాడే బెడ్‌పాన్ అటక మీద పెట్టాను. బాత్రూములో తాడు చూస్తే బట్టలారేసే చోటులా ఉందని అక్క అంటే అదీ విప్పేశాను. స్టూలు పెరట్లో పడేశాను. గోడ మీద అక్క చేతి మరకలు వరసగా ఉంటే సబ్బు నీళ్లతో తుడిచాను. అక్క ఇస్త్రీ బట్టలు వేసుకుని, గడియారం పెట్టుకుని, పొద్దున్నే కుర్చీలో కూర్చుంది. కూర్చోవడానికి పట్టిన తిప్పలు వచ్చిన మనిషి కంట పడకూడదని ఆవిడ ఆలోచన.

వచ్చినావిడకి ముప్పై ఐదేళ్లుంటాయి. సంచిలోంచి ముందు టేపు తీసి తలుపుల వెడల్పు, మెట్ల ఎత్తు, మంచం ఎత్తు అన్నీ కొలిచి రాసుకుంది. నేను మనసులో టేపు మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. తరువాత అక్క ఎదురుగా కూర్చుని పెన్సిలు తీసింది.

"అమ్మా, మంచం మీంచి మీ అంతట మీరు లేవగలరా?"

"పర్లేదమ్మా."

"బట్టలు మార్చుకోవడం?"

"పర్లేదు, కూర్చుని మార్చుకుంటాను."

"బాత్రూముకి వెళ్లి రావడం?"

"పర్లేదు."

"స్నానం ఎవరైనా చేయిస్తారా?"

అక్క నా వైపు ఒక చూపు చూసింది. "ఎవరూ అక్కర్లేదు. నేనే చేసుకుంటాను."

ప్రతి మాటకీ పెన్సిలు ఒక గడిలో టిక్కు పెట్టింది. నాలుగడుగులు నడిచి చూపించమంటే అక్క కుర్చీ చెయ్యి ఊతగా లేచి కిటికీ దాకా ఆరడుగులు నడిచింది. ఎలా నడిచిందో నన్నడగొద్దు. పెదవి కొరుక్కోవడం నాకు కనిపించింది, టేపు మేడమ్‌కి వీపు కనిపించింది. ఆవిడ మెచ్చుకుని, టీ తాగి, వెళ్లిపోయింది. ఆ ఆరడుగుల పుణ్యమా అని అక్క రెండు రోజులు మంచం దిగలేదు. మంచం మళ్లీ హాల్లోకి, తాడూ స్టూలూ మళ్లీ బాత్రూములోకి చేరాయి.

మా ఉద్యోగంలో మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది. ఇంటివాళ్లు చెప్పింది రాయకూడదు, మూత తీసి అంకె చూసి రాయాలి. ఆ రోజు నేను గదిలోనే ఉన్నాను. అక్క మాటకి ఎదురు చెప్పడం అలవాటు లేక, పరాయి మనిషి ముందు ఆవిణ్ణి చిన్నబుచ్చలేక ఊరుకున్నాను. అసలు మూత మీద గుడ్డ కప్పిందే నేను.

ముప్పయ్యో రోజున ఉత్తరం వచ్చింది. దైనందిన పనులు ఇతరుల సాయం లేకుండా చేసుకోగలుగుతున్నట్టు గుర్తించడమైనది, చేతికర్ర మంజూరు చేయడమైనది అని ఉంది. కింద మార్కులు. నూటికి ఎనభై ఐదు. అరవై లోపు వస్తేనే ఇంటి సాయం. ఉత్తరం తెచ్చిన మనిషే అల్యూమినియం చేతికర్ర కూడా ఇచ్చి వెళ్లాడు.

అక్క కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఒరే, బళ్లో చదువుకున్నన్నాళ్లూ నాకు ఎనభై ఐదు రాలేదురా."

"ఎక్కువొచ్చి ఫెయిలయ్యాం" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. కడుపు నొప్పొచ్చేలా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఆవిడ ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, అదే గొంతుతో, "సంరక్షణ గృహానికి ఫోన్ చేసి మంచం ఖాళీ ఉందేమో కనుక్కో" అంది. కనుక్కున్నాను. వచ్చే నెల ఒకటో తారీఖున ఒకటి ఖాళీ అవుతుందన్నారు. అక్క దాన్ని తన పేరు మీద పెట్టించింది.

మర్నాడు వానలో తడుస్తూ ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. వెళ్లేటప్పుడు దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నాను. మూడో కిటికీ దగ్గర బట్టతల ఉన్న ఒకాయన తల ఎత్తకుండా ఉత్తరం అందుకున్నాడు. చదివాడు. నేను గొంతు సవరించుకునేలోపు అడిగాడు.

"ఇల్లు సర్దారా?"

"అంటే?"

"మా మేడమ్ వచ్చేముందు ఇల్లు సర్దారా అని. మంచం ఎక్కడిదక్కడ పెట్టి, మరకలు తుడిచి."

నా తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి. "సర్దానండీ" అన్నాను.

"అందరూ సర్దుతారు" అని ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "ముప్పై రోజుల్లోపు మళ్లీ చూడమని అడగొచ్చు. ఇక్కడ సంతకం పెట్టండి. కారణం నేను రాస్తాను, మీరు రాస్తే పేజీలు పేజీలు రాస్తారు. ఇంకో పని చెయ్యండి. వారం రోజులు ఒక పుస్తకంలో రాయండి. ఆవిడ ఏం చేయగలరో రాయొద్దు. ఆ రోజు ఏం జరిగిందో రాయండి, టైముతో సహా."

"అంకెలు రాయడం నా ఉద్యోగమేనండీ."

"అయితే మీకు నేను చెప్పక్కర్లేదు." అప్పటికి ఆయన భోజనానికి లేవాల్సిన వేళ దాటిపోయింది. వెనక మేజా మీద డబ్బా మూత తీసి ఉంది. అయినా నా కాగితం పట్టుకుని లోపలికెళ్లి, తేదీ వేయించి, నంబరు నా చేతిలో పెట్టిగాని కూర్చోలేదు. కిటికీ వదిలేటప్పుడు వెనకనుంచి ఒక మాట వినిపించింది. "ఈసారి సర్దకండి."

డిపార్టుమెంటు వాళ్లిచ్చిన జేబు పుస్తకం నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది. అందులో మొదలుపెట్టాను. "6.10. మంచం మీంచి లేవడం. మూడోసారికి. తొమ్మిది నిమిషాలు." "6.30. బాత్రూముకి. గోడ పట్టుకుని. దారిలో రెండుసార్లు ఆగింది." "7.15. స్నానం. తనే చేసుకుంది. ముప్పై ఐదు నిమిషాలు." మా అక్కని మీటరులా చదువుతున్నందుకు సిగ్గుగానే ఉండేది. ఆవిడ చూడకుండా వంటగదిలోకి వెళ్లి రాసి, పుస్తకం అద్దం వెనక దాచేవాణ్ణి.

నాలుగో రోజు నేను మందుల కోసం బయటికెళ్లి వచ్చేసరికి అక్క కుర్చీలో కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్లో ఉంది. తల దువ్వుకోవడానికి అద్దం తీయబోయిందట.

"ఇన్నాళ్లూ మీటర్లు మాత్రమే చూస్తావనుకున్నాను" అంది.

నేను కిటికీ దగ్గర ఆయన చెప్పిందంతా చెప్పాను. ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం టీ పెట్టుకుని నేను వానని చూస్తూ కూర్చుంటే, గోడ వైపు తిరిగి, "టీ చల్లారిపోతోందని ఆ మనిషికి ఎవరైనా చెప్పండి" అంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి పుస్తకం నా కళ్లజోడు పక్కన ఉంది. తెరిచి చూశాను. నాలుగు రోజుల్లోనూ స్నానం అని రాసిన ప్రతి వరస మీదా స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత కొట్టి ఉంది. కింద అక్క దస్తూరీ. కదిలే బస్సులో నిలబడి రాసి రాసి గుండ్రంగా కుదిరిన అక్షరాలు అవి.

"చేయలేదు. గట్టు దాటలేదు. నువ్వు తాడు మళ్లీ కట్టాక ఒకసారి పట్టు తప్పి జారాను, నీకు చెప్పలేదు. అప్పట్నుంచి కుళాయి తిప్పి స్టూలు మీద కూర్చుంటున్నాను. తడిగుడ్డతో మొహం, మెడ, చేతులు. స్నానం చేసి పంతొమ్మిది రోజులైంది."

నేను మంచం అంచు మీద చాలాసేపు కూర్చున్నాను. ఇరవై రెండేళ్లుగా నీళ్లతోనే నా బతుకు. ఏ ఇంట్లో పైపు కారుతోందో గోడకి చెవి పెట్టి చెప్పగలనని మా వాళ్ల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. నీళ్లు ఊరికే నేల మీద పోతున్నాయా, మనిషి మీద పడుతున్నాయా అన్నది పంతొమ్మిది రోజులు తలుపవతల నిలబడి కూడా నాకు తెలియలేదు. తెలుసుకోవాలని అనుకోలేదేమో కూడా.

లేచి టీ పెట్టి అక్క దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ గ్లాసు అందుకుంది.

"చక్కెర ఎక్కువైంది" అంది.

"రేపు తగ్గిస్తాను" అన్నాను. పుస్తకం గురించి మేం మాట్లాడుకున్నది అంతే. ఆ రోజు నుంచి మిగిలిన మూడు రోజులూ నేను అంకెలు చెబితే ఆవిడే రాసింది.

టేపు మేడమ్ రెండోసారి వచ్చేసరికి నలభై ఐదో రోజు. నేను హాల్లోనే మంచం ఉంచాను. బెడ్‌పాన్ మంచం కిందే ఉంది. గోడ మీద చేతి మరకలు మళ్లీ వరస కట్టాయి. అక్క మాత్రం తెల్లారినప్పట్నుంచి నస పెడుతూనే ఉంది.

"దుప్పటి ఒక్కటి సర్దరా."

"వద్దు."

"గుమ్మం దగ్గర చెప్పులైనా తియ్యి. పరువు పోతుంది."

"పోనీ. వచ్చే నెల తెచ్చుకుందాం."

టేపు మేడమ్ లోపలికొచ్చి మంచాన్ని చూసింది, గోడని చూసింది. బాత్రూములోకి వెళ్లి తాడుని చేత్తో లాగి చూసి వచ్చి కూర్చుంది.

"అమ్మా, మంచం మీంచి మీ అంతట మీరు లేవగలరా?"

"పర్లే..." అని అక్క ఆగిపోయింది.

టేపు మేడమ్ పెన్సిలు పక్కన పెట్టింది. "పర్లేదుకి నా ఫారంలో గడి లేదమ్మా. చేసుకోగలను, సాయముంటే చేసుకోగలను, చేసుకోలేను. మూడే ఉన్నాయి. పోయినసారి మీ పర్లేదులన్నీ మొదటి గడిలో వేశాను. ఒకటికి రెండుసార్లు అడిగి ఉండాల్సింది. తప్పు నాదే."

"నీ తప్పేముందమ్మా, నేను చెప్పిందే రాశావు." అక్క చెయ్యి చాచింది. నేను పుస్తకం ఇచ్చాను. "నోటితో చెప్తే మళ్లీ అదే మాట వస్తుంది. చదువుతాను, నువ్వు టిక్కులు పెట్టుకో."

కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. స్టాపులు పిలిచే గొంతు అది, బస్సు వెనక సీటు దాకా వినిపించేది. లేవడం, మూడోసారికి, తొమ్మిది నిమిషాలు. బాత్రూముకి, గోడ పట్టుకుని. స్నానం దగ్గరికి వచ్చేసరికి నేను వంటగదిలోకి వెళ్లిపోయాను. అక్కడ నాకు పనేమీ లేదు. అక్క గొంతు మాత్రం తగ్గలేదు. పంతొమ్మిది రోజులన్నదీ అదే గొంతుతో చదివింది. ఆ తరువాత పుస్తకంలోని మూడు రోజులూ కలిపి ఇరవై రెండు అని చెప్పడం వినిపించింది. పుస్తకం ఆపాక ఇంకో వారం గడిచిపోయింది కదా అని టేపు మేడమ్ మెల్లిగా అడిగితే, "అవునమ్మా, అది కూడా వేసుకో" అంది.

నేను టీతో బయటికొచ్చేసరికి ఇద్దరూ స్నానం చేయించే మనిషి గురించి మాట్లాడుకుంటున్నారు.

"ఎలాంటి మనిషైతే మీకు ఇబ్బంది ఉండదు?"

"ఆడమనిషైతే చాలు. కాస్త మాటకారి అయితే మరీ మంచిది. వీడితో ఉండి ఉండి నా నోరు మూతపడిపోతోంది."

"మాటకారికి గడి లేదు గాని, పక్కన రాస్తాను" అని టేపు మేడమ్ నిజంగానే రాసుకుంది.

ఐదు రోజుల్లో ఉత్తరం వచ్చింది. నలభై ఒక్క మార్కులు. ఉత్తరం గాల్లో ఊపుతూ ఇంట్లోకి పరిగెత్తినవాణ్ణి నేనే. తక్కువ మార్కులొచ్చినందుకు అంత సంబరపడిన ఇల్లు ఇంకోటి ఉండదు.

తరువాత వారమంతా మా గుమ్మం ముందు ఆరోగ్య కేంద్రం బండి ఆగుతూనే ఉంది. వాకరు వచ్చింది. ఇంటి ముందు మెట్ల మీద పరవడానికి చెక్క ర్యాంపు వచ్చింది. స్నానానికి ఒక బల్ల వచ్చింది. దాని రెండు కాళ్లు గట్టుకి ఇవతల, రెండు అవతల. ఇవతల కూర్చుని అవతలికి జరిగితే చాలు, కాలు ఎత్తి దాటక్కర్లేదు. నేను యాభై రోజులుగా కొట్టుకుంటున్న గండాన్ని ఎవరో ఎక్కడో కూర్చుని ఇంత తేలిగ్గా ఆలోచించి పెట్టారని చూసి నోరు తెరిచాను. చక్రాల కుర్చీ కొత్తది కాదు, బాగుచేసి ఇచ్చింది. ఎడమ వైపు చేతిపట్టీ బాగా అరిగి ఉంది. అక్క దాన్ని వేలితో తడిమి, "ఎవరో ఎడంచేతివాళ్లు" అంది. మీ అవసరం తీరాక ఇది ఇంకొకరి దగ్గరికి వెళుతుందని బండిలో వచ్చినతను చెబితే, అయితే జాగ్రత్తగా వాడాలి అని అరిగిన పట్టీకి గుడ్డ చుట్టించింది. ఇన్నీ ఇచ్చి వాళ్లు మా దగ్గర తీసుకున్నది ఒక సంతకం.

బాత్రూము గోడకి రాడ్లు బిగించడానికి వచ్చిన మేస్త్రీని నేను మర్చిపోలేను. కొలతల కాగితం జేబులోనే ఉంచుకుని అక్కని బల్ల మీద కూర్చోమన్నాడు.

"కాగితంలో ఎత్తు రాసుంది గాని, మీరు ఒకసారి లేవబోండి. చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ బిగిస్తాను."

అక్క లేవబోయింది. చెయ్యి గోడ మీద ఒకచోట ఆనింది. అతను అక్కడ సుద్దతో గుర్తు పెట్టాడు. మళ్లీ లేవమన్నాడు, మళ్లీ గుర్తు. నాలుగోసారికి కూడా చెయ్యి అక్కడికే వెళితే అప్పుడు డ్రిల్లు తీశాడు. బిగించాక తన బరువంతా వేసి వేలాడి చూపించాడు.

"ఇరవై ఆరేళ్లు రాడ్ పట్టుకోండి, రాడ్ పట్టుకోండి అని జనం మీద అరిచాను" అని అక్క ఆ రాడ్‌ని రెండు చేతులతో పట్టుకుంది. "నేను మాత్రం ఒక్కరోజూ పట్టుకోలేదు. పట్టుకోకుండా నిలబడడమే గొప్పనుకునేదాన్ని."

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"బాగుంది" అంది అక్క.

ఆ సాయంత్రం వాన తెరిపిచ్చింది. చక్రాల కుర్చీలో అక్కని ర్యాంపు మీంచి దించి వీధి చివర దాకా తీసుకెళ్లాను. మూడు నెలల తరువాత ఆవిడ వీధిలోకి రావడం. మందుల కొట్టాయన బయటికొచ్చి పలకరించాడు, ఇస్త్రీ ఆవిడ పలకరించింది. ఇల్లు చేరాక అక్క ఫోను అడిగి తీసుకుని, సంరక్షణ గృహానికి తనే మాట్లాడింది. "ఒకటో తారీఖుకి నా పేరు మీద పెట్టిన మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. నాకు ఇంట్లోనే కుదిరింది" అని చెప్పి ఫోను నా చేతికిచ్చింది. నేను ఫోను జేబులో పెట్టుకోబోయి కింద పడేశాను.

సెలవులు అయిపోయాయి. నేను పనిలోకి వెళ్లే మొదటి రోజే ఇంటి సాయం మనిషి మొదటి రోజు. పొద్దున్న ఏడింటికి పావుగంట ముందే గొడుగు దులుపుకుంటూ ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, నిండైన మనిషి. గుమ్మంలోంచే మొదలుపెట్టింది: వాన, బస్సులో రద్దీ, వాళ్ల పిల్ల పరీక్షలు. టేపు మేడమ్ ఫారం పక్కన రాసింది ఎవరో చదివారన్నమాట.

"రండి పెద్దమ్మగారూ, నీళ్లు కాగాయి" అంది.

"పెద్దమ్మనేంటి? అక్కా అను. రిటైరై మూడేళ్లే అయింది."

"సరే అక్కా. ముందు మీ చెయ్యి రాడ్ మీద వెయ్యండి. తొందరేం లేదు, నాకు గంటన్నర టైమిచ్చారు."

తలుపు దగ్గర అక్క నా వైపు తిరిగింది. "నువ్వు బయల్దేరు. మొదటి రోజే ఆలస్యమేంటి?"

తలుపు మూసుకుంది. నేను బూట్లు వేసుకున్నాను, సంచి భుజాన వేసుకున్నాను, గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. లోపల బల్ల కిర్రుమంది. చెంబు బకెట్లో మునిగిన చప్పుడు. నీళ్లు పడ్డాయి. తరువాత అక్క గొంతు.

"ఇంకోటి పొయ్యమ్మా."

నీళ్లు.

"ఇంకోటి. ఆ... ఇంకోటి పొయ్యి. వీపు మధ్యలో రుద్దు. అక్కడ కాదు, కిందికి. ఇంకా గట్టిగా."

"తోలు లేచిపోతుందక్కా."

"లేవనీ. నువ్వు ఆపకు."

ఆవిడ పకపకా నవ్వింది. అక్క కూడా నవ్వింది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి అక్క అందరికీ చేసి పెట్టడమే చూశాను. నాకిది కావాలి, ఇంకా కావాలి అని నోరు తెరిచి అడగడం నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది. మూడో కిటికీ ఆయన, టేపు మేడమ్, మేస్త్రీ, ఈ పేరు తెలియని తల్లి, అందరూ గుర్తొచ్చి గుమ్మం పట్టుకుని ఏడ్చాను. మొహం తుడుచుకుంటుంటే లోపల్నుంచి కేక వినిపించింది.

"ఒరే, ఇంకా అక్కడే ఉన్నావా?"

"వెళ్తున్నానక్కా."

"ఉంటే ఉన్నావు గాని, పొడి తువ్వాలు ఒకటి తెచ్చివ్వు. ఇది తడిసిపోయింది."

బీరువాలో ఉన్నవాటిలో మెత్తనిది వెతికి తెచ్చాను. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆవిరితో పాటు సబ్బు వాసన వచ్చింది. సందులోంచి అక్క చెయ్యి బయటికొచ్చి తువ్వాలు అందుకుంది. వేళ్ల చివర్లు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ వేళ్లు చూసుకుని, అప్పుడు ఆఫీసుకి బయల్దేరాను.